చీమ ఎంత మాట్లాడాలి?

(సొంతంగా చిన్న సినిమాలు తీయాలనుకునేవాళ్ల సమావేశంలో చేసిన ప్రసంగానికి అక్షరరూపం)

అందరికీ నమస్కారం.

ముందు మీతో ఒక చిన్న పని చేయిస్తాను. నేను సగం మాట అంటాను, తక్కిన సగం మీరు అందుకోండి. "చేపా చేపా..."

(సభికులు: "ఎందుకు ఎండలేదు?")

"గడ్డిమోపు..."

(సభికులు: "అడ్డమొచ్చింది!")

చాలు, చాలు. చూశారా? ఈ హాల్లో కనీసం మూడు తరాల వాళ్లున్నారు. ఈ కథను ఎవరూ పనిగట్టుకుని నేర్చుకుని ఉండరు. రాసిందెవరో తెలియదు, ఏ కాలంలో పుట్టిందో తెలియదు. అయినా ఇంతమంది ఒక్క గొంతుతో అందుకున్నారు. చేతిలో డబ్బులేకుండా సినిమా తీయడానికి దిగేవాళ్లకు ఇంతకన్నా పెద్ద పెట్టుబడి ఏముంటుంది చెప్పండి. కథ మొదలుకాకముందే ప్రేక్షకుడు సగం దారి నడిచొచ్చి మీ కోసం నిలబడి ఉంటాడు.

ఈ ఏడు చేపల కథనే తీసుకుని మేము 70 నిమిషాల సినిమా తీశాం. 18 రోజుల షూటింగ్. యూనిట్ మొత్తం 9 మంది. కెమెరా ఒకటే. ఆ పని చేస్తూ నాకేం అర్థమైందో చెప్పమని పిలిచారు కాబట్టి అదే చెబుతాను. సినిమా గురించి మొత్తం చెప్పేంత అనుభవం నాకు లేదు. జానపద కథను ఈ కాలానికి తీసుకురావడమనే ఒక్క పని గురించే చెబుతాను. ఎక్కువసేపు స్క్రిప్టు దగ్గరే ఉంటాను, ఎందుకంటే మా డబ్బు మిగిలిందంతా అక్కడే.

మనకు జానపదం అనగానే కళ్లముందు ఏం కదులుతుంది? కోట, కత్తియుద్ధం, మాంత్రికుడు, గుహ. 1951లో వచ్చిన పాతాళభైరవి దగ్గర్నుంచి మన కళ్లకు అలా అలవాటైంది. ఆ సినిమా అంటే నాకు ప్రాణం. కానీ దానివల్ల మనలో ఒక భయం కూడా స్థిరపడింది. జానపదం తీయాలంటే పెద్ద సెట్టింగులు కావాలి, మనవల్ల కాదు అని. ఒక్కసారి ఆలోచించండి. ఆ సినిమాలు రాకముందు ఈ కథలన్నీ చెప్పినవాళ్ల దగ్గర ఏముంది? ఒక గొంతు, రెండు చేతులు, చీకటి. అంతే కదా. "అనగనగా ఒక రాజు" అన్న మూడు మాటలతో కోట కట్టేసేవాళ్లు. పైసా ఖర్చులేకుండా చెప్పడానికే ఈ కథలు ఇలా తయారయ్యాయి. వర్ణన తక్కువ, మనుషులు తక్కువ, వెనకకథ అసలే ఉండదు. ఆ రాజు ఏ దేశపు రాజో మనం ఎప్పుడైనా అడిగామా? చిన్న సినిమాకు కావలసిన లక్షణాలన్నీ కథలోనే ఉన్నాయి. వాటిని మనం పోగొట్టకుండా ఉంటే చాలు.

ఇక, "ఆధునికం చేయడం" అనే మాట. మా మొదటి డ్రాఫ్టులో ఏం చేశామో చెబుతాను. రాజుగారు రియల్ ఎస్టేట్ వ్యాపారి. ఏడుగురు కొడుకులు ఏడు కంపెనీలు. చేపలు... చేపలు వాళ్లు కొన్న ఏడు షేర్లు, ఒకటి పెరగలేదు. ఎందుకు పెరగలేదు? అలా సాగింది. చదివితే తెలివిగానే ఉంటుంది. ప్రతి దానికీ ఒక జోడీ కుదిరింది. కానీ కథ చచ్చిపోయింది. వారం రోజులు అది బల్ల మీద పడి ఉంది, ఎవరికీ తెరవాలనిపించలేదు. కారణం తర్వాత తెలిసింది. మేము కథకు బట్టలు మార్చాం. కథ అడుగుతున్న ప్రశ్న జోలికే వెళ్లలేదు.

ఈ కథలు ఎప్పుడూ మారుతూనే వచ్చాయి, ఆ మార్పు ఎక్కడ జరిగిందో గమనించండి. ఎర్రటోపీ పిల్ల, తోడేలు కథ మీకు తెలుసు. ఫ్రాన్సులో పెర్రో అనే రచయిత 1697లో అచ్చువేసిన కథలో ఆ పిల్లను తోడేలు తినేస్తుంది, అంతటితో కథ అయిపోతుంది. వేటగాడు వచ్చి పొట్ట చీల్చి బయటికి తీయడం గ్రిమ్ సోదరులు 1812లో వేసిన పుస్తకంలోది. అదే పుస్తకం మొదటి ముద్రణలో స్నోవైట్‌ను చంపించబోయేది కన్నతల్లి. 1819 ముద్రణ నాటికి ఆమె సవతి తల్లి అయింది. కన్నతల్లి అంత పని చేస్తుందంటే చదివే కుటుంబాలు ఒప్పుకోవు కదా. చూశారా, వాళ్లు గౌనులు మార్చలేదు, గుర్రబ్బండ్లు మార్చలేదు. తప్పు ఎవరి మీద పెట్టాలి, ఎవరు బతకాలి, అది మార్చారు. ఒక కాలం కథను తనది చేసుకోవడం అంటే అదీ.

అందుకని మేం మళ్లీ మొదటికొచ్చాం. కథను కాగితం మీద వరసగా రాసుకున్నాం. చేప ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. మోపు ఎందుకు అడ్డమొచ్చింది? ఆవు మేయలేదు. ఆవు ఎందుకు మేయలేదు? పాలేరు మేపలేదు. పాలేరు ఎందుకు మేపలేదు? అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వ ఎందుకు పెట్టలేదు? పిల్లాడు ఏడ్చాడు. పిల్లాడు ఎందుకు ఏడ్చాడు? చీమ కుట్టింది. చీమా చీమా ఎందుకు కుట్టావు? "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?"

మా ఎడిటరు ఆ కాగితం చూసి ఒక మాట అంది. "ఇందులో 'నా' అన్న మాట ఒక్కసారే ఉంది." నాకు ఒళ్లు జలదరించింది. మళ్లీ చదవండి. చేప దగ్గర్నుంచి పిల్లాడి దాకా ప్రతివాళ్లూ ఇంకొకళ్ల పేరు చెబుతారు. ఆవు మేయలేదు, పాలేరు మేపలేదు, అవ్వ పెట్టలేదు. అబద్ధం ఎవరూ చెప్పడం లేదు, అందరూ నిజమే చెబుతున్నారు. కానీ ఎవరి జవాబులోనూ వాళ్లు లేరు. చిట్టచివర, అందరికన్నా చిన్నది, చీమ. అది ఇంకొకరి పేరు చెప్పదు. "నా పుట్ట" అంటుంది. "కుట్టనా?" అని తిరిగి అడుగుతుంది. ఇన్ని ప్రశ్నలడిగిన కథలో ఎదురు ప్రశ్న వేసేది చీమ ఒక్కటే.

అప్పుడు తెలిసింది, పోగొట్టుకోకూడనిది ఇదీ అని. రాజు పోవచ్చు, కొడుకులు పోవచ్చు, చేపలు కూడా పోవచ్చు. వరసగా తోసేసుకునే గొలుసు ఉండాలి, చివర్లో "నా" అనే మనిషి ఉండాలి. మీరు ఏ కథ తీసుకున్నా ఈ పని చేయండి. కాగితం మీద కథను పది వాక్యాల్లో రాసి, ఒక్కో వాక్యం కొట్టేస్తూ పోండి. ఏ వాక్యం కొట్టేస్తే ఇక అది ఆ కథ కాకుండా పోతుందో అక్కడ ఆగండి.

మా సినిమా కథ క్లుప్తంగా చెబుతాను. ఏడు ఇళ్లున్న చిన్న అపార్ట్‌మెంట్. ఆరిళ్లలో నీళ్లొస్తున్నాయి. పైఅంతస్తులో ఏడో ఇంటికి రావడం లేదు. ఆ ఇంట్లో పదేళ్ల పాప. బకెట్ పట్టుకుని బయల్దేరుతుంది. ఎదురింటి ఆంటీని అడిగితే వాచ్‌మన్ మోటారు వేయలేదంటుంది. వాచ్‌మన్ వేశానంటాడు, మెకానిక్ బాగుచేయలేదంటాడు. మెకానిక్ మోటారు బాగానే ఉంది, బోరులోనే నీళ్లు లేవంటాడు, సెక్రటరీగారు ట్యాంకర్ తెప్పించలేదంటాడు. సెక్రటరీ ట్యాంకరే రాలేదంటాడు. ట్యాంకర్ డ్రైవరు సందులో రాళ్లు అడ్డమున్నాయంటాడు. రాళ్లు పెట్టింది వెనకవైపు చిన్న ఇంట్లో ఉండే ముసలావిడ. అమ్మమ్మా, ఎందుకు పెట్టావు? ఆవిడ ఇంటి ముందు ఒక బావి ఉంది. అపార్ట్‌మెంట్‌కు లోతుగా బోరు వేసి రాత్రింబవళ్లు తోడాక చుట్టుపక్కల భూగర్భజలం కిందికి దిగిపోయి ఆ బావి ఎండిపోయింది.

ఇది రాస్తున్నప్పుడు మాకు ముందు గడ్డిమోపు దొరికింది. సందులో రాళ్లు, అదే అడ్డం. తర్వాత బావి దొరికింది, అదే బంగారు పుట్ట. కానీ పుట్టలో వేలు ఏది? చాలా రోజులు తేలలేదు. ఒకరోజు పక్క వీధిలో బోరు వేస్తున్నారు. పొద్దుట్నుంచీ చెవులు చిల్లులు పడే మోత. చూద్దామని వెళ్లాను. ఆ ఇనుప రాడ్డు గిరగిరా తిరుగుతూ, నేలలోకి దిగుతూ, బూడిదరంగు బురద పైకి చిమ్ముతోంది. ఒక రాడ్డు దిగాక దానికి ఇంకో రాడ్డు తగిలిస్తున్నారు, వేలికి కణుపు మీద కణుపులాగా. అక్కడే నిలబడిపోయాను. అది వేలే కదండీ. పుట్టలో పెట్టిన వేలు. ఆ షాట్ ఫోనుతో అప్పటికప్పుడు తీసుకున్నాను, సినిమాలో మొదటి షాట్ అదే. దానికి మేము ఏమీ ఖర్చుపెట్టలేదు. కథ ఎముక మీ చేతిలో ఉంటే లోకం దానికి తగిన మాంసం తెచ్చిస్తుంది. షేర్లు, కంపెనీలు మేము వెతికి తెచ్చి అతికించినవి. బోరు అలా కాదు, అదే ఎదురొచ్చింది.

ఫోను గురించి ఒక్క మాట, ఎందుకంటే పాత కథను ఈనాటికి తేబోయే ప్రతివాళ్లూ ఇక్కడ తడబడతారు. జానపద కథలో మనిషి నడుస్తాడు. ఇంటింటికీ వెళ్లి అడుగుతాడు. ఈనాడు ఎవరు నడుస్తారు? ఒక్క ఫోన్ కొడితే అయిపోయె. ఫోను పోయిందనో, సిగ్నల్ లేదనో రాయకండి. ప్రేక్షకుడు అది ఒప్పుకోడు, ఒప్పుకోకూడదు కూడా. మేము ఎదురుగా వెళ్లాం. సినిమా మొదటి రెండు నిమిషాల్లో పాప వాళ్లమ్మ అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో "మాకు నీళ్లు రావట్లేదు" అని పెడుతుంది. టకటకా జవాబులొస్తాయి. మాకు వస్తున్నాయండీ. వాచ్‌మన్‌ని అడగండి. సెక్రటరీగారు చూడాలి. ఒకరు దండం బొమ్మ పెడతారు. కథలో ఉన్న గొలుసంతా ఆ తెరమీదే జరిగిపోతుంది, నీళ్లు మాత్రం రావు. అందుకే పాప బకెట్ పట్టుకుని లేస్తుంది. ఫోను కథకు అడ్డం కాలేదు, కథలో మొదటి గడ్డిమోపు అయింది.

ఇంకో చిక్కు. అసలు కథలో ఈ ప్రశ్నలన్నీ అడిగేదెవరు? ఎప్పుడైనా ఆలోచించారా? రాజు కొడుకులా? కథ చెప్పే అమ్మమ్మా? వినే పిల్లా? కథలో తేలదు, తేలనక్కర్లేదు. సినిమాలో మాత్రం తప్పదు, ఎవరో ఒకరి ముఖం కెమెరా ముందు ఉండాలి. పెద్దవాళ్లను పెడితే అది దర్యాప్తు అవుతుంది, నిలదీయడం అవుతుంది. పిల్ల అడిగితే నిజంగా తెలుసుకోవడానికే అడుగుతుంది. అలా పదేళ్ల పాప వచ్చింది.

ఇప్పుడు డబ్బు లెక్కకు వద్దాం. జానపద కథలను వర్గాలుగా చేసి నంబర్లు వేసిన సూచిక ఒకటుంది, ఆర్నే, థాంప్సన్, ఊథర్ అనే ముగ్గురి పేర్ల మీద నడుస్తుంది. అందులో 2000 నుంచి మొదలయ్యేవి ఇలాంటి గొలుసు కథలు. లోకమంతా ఉన్నాయి. చిన్న బడ్జెట్ వాళ్లకు నేను గట్టిగా చెప్పేది, మొదటి సినిమాకు గొలుసు కథ తీసుకోండి. ఎందుకో చూడండి. ఆవుకు అవ్వతో పనిలేదు. పాలేరుకు చీమతో పనిలేదు. ప్రతి పాత్రా ప్రశ్న అడిగే మనిషిని ఒక్కసారి కలుస్తుంది, అంతే. అంటే మీ నటీనటులెవరూ ఒకరితో ఒకరు ఒకేరోజు ఖాళీగా ఉండనక్కర్లేదు. ఉద్యోగం చేసుకుంటూ నాటకాలు వేసే మంచి నటులు మీకు రెండు రోజులు ఇస్తారు, ఇరవై రోజులు ఇవ్వలేరు. గొలుసు కథకు రెండు రోజులు చాలు. వర్షం వచ్చి ఒకరి పని ఆగిపోతే ఇంకొకరి ముక్క తీసుకోవచ్చు.

కానీ ఆ లాభానికి ఒక మెలిక ఉంది. అడిగే పాప ప్రతి సీన్లోనూ ఉంది. పిల్లలతో పనిచేసేటప్పుడు మన దేశంలో చట్టం స్పష్టంగా ఉంది. బాలనటులు రోజుకు 5 గంటలకు మించి పనిచేయకూడదు, విరామం లేకుండా 3 గంటలకు మించకూడదు. జిల్లా మేజిస్ట్రేట్ అనుమతి తీసుకోవాలి. వాళ్లకిచ్చే డబ్బులో కనీసం 20 శాతం వాళ్ల పేరున డిపాజిట్ చేయాలి. చిన్న సినిమా కదా, ఎవరు చూస్తారులే అనుకోకండి. దయచేసి అనుకోకండి. మన సినిమా ఒక పిల్ల అలసట మీద నిలబడకూడదు.

రోజుకు 5 గంటలు, 18 రోజులు. మొత్తం 90 గంటలు. మా షెడ్యూల్ అంతా ఆ 90 చుట్టూ కట్టాం. పాప ఉన్నప్పుడు కెమెరా పాప వైపే. ఆమె ముఖం, ఆమె బకెట్, ఆమె నడక. ఆమె ఇంటికి వెళ్లాక కెమెరా తిప్పి ఎదుటివాళ్ల జవాబులు తీసేవాళ్లం. అప్పుడు వాళ్లు ఎవరిని చూసి మాట్లాడాలి? మొదటిరోజు అసిస్టెంటు నిలబడి పాప డైలాగులు చదివాడు. రషెస్, అంటే ఆరోజు తీసిన ముక్కలు, చూస్తే వాచ్‌మన్ చూపు గాలిలోకి పోతోంది. పిల్లతో మాట్లాడుతున్నట్టే లేదు. మర్నాడు గోడమీద పాప కళ్ల ఎత్తుకు ఒక ఎర్ర టేపు ముక్క అతికించాం. అసిస్టెంటు బోర్లించిన బకెట్ మీద కూర్చుని, కళ్లు సరిగ్గా ఆ టేపు ఎత్తుకు వచ్చేలా చూసుకుని, డైలాగులు చెప్పేవాడు. అప్పుడు చూడాలి. వాచ్‌మన్ వేసిన నటుడు తనకు తెలియకుండానే కొంచెం వంగాడు. గొంతు మెత్తబడింది. సీనుకు ప్రాణం వచ్చింది. ఒక టేపు ముక్కతో.

వెలుతురు గురించి త్వరగా చెప్పేస్తాను. మెట్లదారిలో ఉన్న ట్యూబులైట్లే వాడాం. మన కరెంటు 50 హెర్ట్జ్, లైటు సెకనుకు 100 సార్లు మినుకుతుంది. కెమెరా షటర్ వేగం 1/50 సెకను దగ్గర పెట్టుకుంటే బొమ్మ కొట్టుకోదు. చవక ఎల్ఈడీ బల్బులను నమ్మకండి, ముందే టెస్ట్ తీసుకోండి. కెమెరా ఏదైనా ఫరవాలేదు. 2015లో వచ్చిన టాంజరిన్ అనే అమెరికన్ సినిమాను ఐఫోన్ 5ఎస్‌తో తీశారు, అది థియేటర్లలో ఆడింది. మసక బొమ్మను ప్రేక్షకుడు క్షమిస్తాడు. వినపడని మాటను క్షమించడు.

శబ్దం దగ్గర మేము ఒకరోజు మొత్తం పోగొట్టుకున్నాం. సెక్రటరీ ఇంట్లో సీను. చక్కగా నటించారు, అందరం సంతోషంగా ఇళ్లకు వెళ్లాం. రాత్రి హెడ్‌ఫోన్లలో వింటే ప్రతి మాట కింద ఒక గుంయ్ మనే మోత. వంటింట్లో ఫ్రిజ్. సీను మధ్యలో ఆగింది, మళ్లీ మొదలైంది, ఏ రెండు ముక్కలూ కలవవు. డబ్బింగ్ చెప్పిస్తే పాప గొంతులో ఆ ఆయాసం రాదు. మళ్లీ తీశాం. అప్పట్నుంచి ఎక్కడికి వెళ్లినా ముందు ఫ్రిజ్ ఆపుతాం, బండి తాళాలు అందులోనే పెడతాం. తాళాలు లేకుండా ఇంటికి వెళ్లలేం కాబట్టి ఫ్రిజ్ మళ్లీ వేయడం మర్చిపోం. సౌండ్ వాళ్లలో చాలాకాలంగా ఉన్న పద్ధతి ఇది. అలాగే ప్రతిచోటా పని అయ్యాక అందరూ కదలకుండా నిలబడి అర నిమిషం ఖాళీ గది నిశ్శబ్దం రికార్డు చేయండి. ఎడిటింగులో అతుకులు దాన్తోనే కనపడకుండా పోతాయి.

నీళ్లు లేకపోవడం ఎలా వినిపించాలి? మా సౌండ్ రికార్డిస్టు మూడు రోజులు కొళాయిల దగ్గర కూర్చున్నాడు. నీళ్లు ఆగిపోయే ముందు కొళాయి చేసే చప్పుడు విన్నారా? ముందు ధార సన్నబడుతుంది. తర్వాత పైపులో ఎక్కడో దూరంగా ఒక గుటక. ఆ తర్వాత గాలి, స్స్ మని. చివర్లో ఒక్క చుక్క. ఆ గుటక శబ్దాన్ని మేము సినిమా అంతా వాడాం. ప్రతివాళ్లూ ఇంకొకళ్ల పేరు చెప్పినప్పుడు గోడలో పైపు ఆ గుటక వేస్తుంది. నేపథ్య సంగీతం లేదు. పెట్టుకోలేకపోయాం, నిజమే. పెట్టుకోగలిగినా ఇప్పుడు పెట్టను.

ఇక చీమ దగ్గరికి వస్తాను. ముసలావిడ పాత్రకు డెబ్భై దాటిన రంగస్థల నటి దొరికారు. స్క్రిప్టులో ఆవిడకు ఒకటిన్నర పేజీ డైలాగు రాశాను. భూగర్భజలం, భూమి, అభివృద్ధి, పేదవాళ్లు, అన్నీ ఉన్నాయి. రాసినప్పుడు నాకే కళ్లు చెమర్చాయి. కథ మూలం గురించి ఆవిడకు మేము చెప్పలేదు. రిహార్సల్‌కు వచ్చి, కళ్లజోడు పెట్టుకుని, ఒకసారి మొత్తం చదివారు. చదివి, "ఇది ఏడు చేపల కథే కదమ్మా?" అన్నారు. అవునండీ అన్నాను. కాసేపు ఊరుకుని, "మరి చీమ ఇంత మాట్లాడుతుందా?" అన్నారు.

నేను జవాబు చెప్పలేకపోయాను. ఆవిడే పెన్ను అడిగి తీసుకుని, ఒకటిన్నర పేజీ మీద అడ్డంగా గీత గీసుకుంటూ వచ్చి, అడుగున రాశారు: "నా బావి తోడేస్తే రాళ్లు పెట్టనా?" అంతే. పైకి చదివి చూపించారు. కోపంగా కాదు. ఇందులో అడగడానికేముంది అన్నట్టు, పాపను చూస్తూ. పుట్టలో వేలు పెడితే కుట్టనా అన్న లయే అది. నేను నెల రోజులు రాసింది ఆ ఐదు మాటల్లో ఉంది. నేను వదిలేసింది కూడా ఉంది. ఎందుకంటే నేను రాసిన డైలాగులో ఆవిడ బాధితురాలు. ఆవిడ రాసిన మాటలో ఆవిడ ఒక ఇంటి యజమానురాలు.

జానపద కథతో పనిచేసేటప్పుడు మనకు వచ్చే పెద్ద జబ్బు ఇదే, వివరించడం. ప్రేక్షకుడికి అర్థం కాదేమో అన్న బెంగ. దీనికి మందు ఒక పాత సినిమాలో ఉంది. రాజస్థానీ రచయిత విజయ్‌దాన్ దేథా తిరగరాసిన ఒక జానపద కథ ఉంది. కొత్త పెళ్లికూతురి మీద మనసుపడిన దయ్యం, వ్యాపారానికి వెళ్లిపోయిన ఆమె భర్త రూపంలో ఇంటికి వస్తుంది. దాన్ని మణి కౌల్ 1973లో దువిధ పేరుతో తీశాడు. అదే కథను 2005లో పెద్ద తారలతో, పాటలతో పహేలీగా తీశారు. రెండూ చూడండి, పక్కపక్కన పెట్టి. దువిధలో ఎన్నోచోట్ల బొమ్మ కదలకుండా ఆగిపోతుంది, నిశ్చల చిత్రంలాగా, మీద గొంతు వినిపిస్తుంది. దయ్యానికి కోరలు అక్కర్లేదు, పొగ అక్కర్లేదు. భర్తలాగే ఉంటుంది, ఎందుకంటే కథలోనే అలా ఉంది. ఆ సినిమాకు ఉత్తమ దర్శకుడిగా జాతీయ అవార్డు వచ్చింది. పహేలీ నాకు నచ్చలేదని కాదు. అది ఇంకో దారి, ఆ దారిలో మనం నడవలేం.

ఆ కథ పేరెత్తాను కాబట్టి హక్కుల సంగతి కూడా చెప్పాలి, చాలామంది పొరబడతారు. జనం నోట్లో ఉన్న కథ ఎవరి సొత్తూ కాదు. కానీ ఒక రచయిత దాన్ని తనదైన తీరులో తిరగరాస్తే, ఆ రాత మీద హక్కు ఆ రచయితది. మన చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్ల దాకా ఉంటుంది. దేథా 2013లో పోయారు. అంటే 2073 చివరిదాకా ఆయన రాతకు హక్కుంది. మీరు ఏదైనా కథల పుస్తకంలో చదివి తీయబోతుంటే, మీకు నచ్చింది జనం కథా, లేక ఆ రచయిత కలిపిన మలుపా అని చూసుకోండి. మలుపు ఆయనదైతే వెళ్లి అడగండి. మేము ఏడు చేపల కథను ఏ పుస్తకంలోంచీ తీసుకోలేదు. యూనిట్లో 9 మందిని వాళ్లవాళ్ల ఇళ్లలో విన్నట్టు చెప్పమన్నాం, రికార్డు చేసుకున్నాం. ఒకరి కథలో పాలేరు, ఇంకొకరి కథలో గొల్లవాడు. ఒకరికి అవ్వ, ఒకరికి అమ్మ. చీమ మాట మాత్రం తొమ్మిదింటిలోనూ అదే.

ఎడిటింగులో ఒక్క సంగతి చెప్పి ముగిస్తాను. ఒక చీమ షాట్ తీశాం. నిజం చీమ. ముసలావిడ ఇంటి గుమ్మం దగ్గర పాప పెట్టిన బకెట్ అంచు మీద నడుస్తుంది. చిన్నవాటిని దగ్గర్నుంచి పెద్దగా చూపే మాక్రో లెన్సు అద్దెకు తెచ్చి, అరపూట నేలమీద పడుకుని తీశాం. ఎంత బాగా వచ్చిందో. చూసినవాళ్లంతా "ఓహో, చీమ!" అన్నారు. మూడోసారి ఆ మాట విన్నాక మా ఎడిటరు ఆ షాట్ తీసేసింది. ఆ షాట్ ఉంటే ప్రేక్షకుడు ముసలావిడను చూడటం మానేసి మా తెలివిని చూస్తున్నాడు. ఇప్పుడు సినిమాలో చీమ లేదు, చేప లేదు, రాజు లేడు. అయినా మొదటి ప్రదర్శనలో, ట్యాంకర్ డ్రైవరు రాళ్లు అడ్డమున్నాయి అనగానే, వెనక వరసలో ఎవరో చిన్నగా "గడ్డిమోపు" అన్నారు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి.

(సభలోంచి ఒక యువతి: "చివరికి ఆ పాపకు నీళ్లు దొరికాయా అండీ?")

అందరూ అడుగుతారమ్మా. మేము రెండు ముగింపులు తీశాం. ఒకదాంట్లో పాప, ముసలావిడ కలిసి రాళ్లు పక్కకు జరుపుతారు, ట్యాంకర్ లోపలికి వస్తుంది, కొళాయిలో నీళ్లు పడతాయి. డబ్బు సాయం చేసిన మిత్రులకు అదే ఇష్టం. నేను మళ్లీ కథ దగ్గరికి వెళ్లాను. చీమ ఆ మాట అన్నాక కథలో ఏం జరుగుతుంది? ఏమీ జరగదు. ఎవరూ వెనక్కి వెళ్లి చేపను ఎండబెట్టరు. ఆ చేప ఇప్పటికీ ఎండలేదు. మనం ఎవరం ఆ సంగతి అడగం, ఎందుకంటే చీమ అడిగిన దానికి మన దగ్గర జవాబు లేదు.

అందుకని సినిమాలో ఉన్నది రెండోది. ఆవిడ ఆ మాట అంటుంది. పాప బావి దగ్గరికి వెళ్లి లోపలికి తొంగిచూస్తుంది. బావి లోపలి నుంచి షాట్, పైన గుండ్రటి ఆకాశం, అంచున చిన్న తల. తర్వాత వెనక్కి వచ్చి, చేతిలో ఉన్న బకెట్‌ను బోర్లించి, ఆవిడ గుమ్మం ముందు దాని మీద కూర్చుంటుంది. ఆవిడ కూడా పక్కన మెట్టు మీద కూర్చుంటుంది. సందు చివర ట్యాంకర్ హారన్ వినిపిస్తూ ఉంటుంది. ఇద్దరూ లేవరు.